ఎండిపోవడమే వరమైన కొలను

అమెరికా ఈశాన్య రాష్ట్రాల అడవులలో మార్చి మాసాంతాన మంచు కరగడం ఆరంభం కాగానే పల్లపు ప్రదేశాలలో నీరు చేరుతుంది. మోడువారిన చెట్ల నడుమ మెరిసే ఈ గుంటలకు అక్కడివారు 'వసంతకాలపు కొలనులు' అని పేరు పెట్టారు. వీటిలో పెక్కు వేసవి ముగిసేలోగా ఎండిపోతాయి. అది లోపమనిపించవచ్చు, నిజానికి అదే వాటి మహత్తు. ఎండిపోయే నీటిలో చేపలు బ్రతుకలేవు. చేపలు లేనిచోట గుడ్లకూ పిల్లలకూ పెద్ద శత్రువు లేనట్లే. అందువల్లనే కొన్ని ఉభయచరాలు నిండు చెరువులను కాదని, ఈ గుంటలనే వెదకుకొంటూ వస్తాయి. తొలకరికి నిండిన గుంటలలో రాత్రంతా కప్పల బెకబెకలు విన్న భారతీయులకు ఇందులోని కిటుకు సుబోధమే. ఇక్కడ వాన చేసే పనిని అక్కడ కరిగే మంచు కూడ చేస్తుంది.

అందరికంటె ముందు వచ్చే అతిథులలో ఒకటి అడవికప్ప. రెండు మూడు అంగుళాల దేహం, కన్నుల వెంబడి నల్లని పట్టీ దాని గుర్తులు. శీతకాలమంతా అది రాలిన ఆకుల అడుగున గడ్డకట్టి పడి ఉంటుంది. దేహంలోని నీటిలో దాదాపు మూడింట రెండు వంతులు మంచుగా మారవచ్చు, గుండె ఆగిపోతుంది, శ్వాస ఉండదు. అయినా ప్రాణం పోదు. దేహం గడ్డకట్టనారంభించగానే కాలేయం విరివిగా గ్లూకోజును రక్తంలోనికి విడుస్తుంది. కణాలలోని నీరు గడ్డకట్టకుండా అది కాపాడుతుంది. మంచు కణాల వెలుపలనే ఏర్పడుతుంది. వెచ్చదనం తగిలిన కొన్ని గంటలకు గుండె తిరిగి కొట్టుకొంటుంది. ఆపై ఆ కప్ప కొలను చేరి, బాతు అరుపును పోలిన గొంతుతో ఆడుదానిని పిలుస్తుంది.

ఇంచుమించు అదే కాలంలో మచ్చల సాలమాండర్ బయలుదేరుతుంది. ఇది బల్లివలె కనిపించే ఉభయచరం. నల్లని వీపుపై రెండు వరుసల పసుపు చుక్కలు. ఏడాదిలో అధికభాగం నేలబొరియలలో దాగి ఉండే ఈ ప్రాణి, మంచు కరిగాక వచ్చే తొలి వెచ్చని వాన రాత్రులలో గుంపులుగా కొలనుకు నడుస్తుంది. దాని గుడ్ల ముద్దలో మరో వింత ఉన్నది. ఒక జాతి పచ్చని శైవలం ఆ గుడ్లలో నివసిస్తుంది. పిండం విసర్జించే మలినం దానికి ఎరువు. అది విడిచే ఆమ్లజని పిండానికి ఊపిరి. ఈ శైవలం పిండపు కణాల లోపలికి సైతం ప్రవేశిస్తున్నదని 2011లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది.

ఇక మిగిలినది కాలంతో పందెం. నీరు ఇంకిపోకముందే తోకకప్పకు కాళ్ళు మొలవాలి, సాలమాండర్ పిల్లకు మొప్పలు పోవాలి. కొలను తొందరగా ఎండితే ఆ ఏటి సంతానమంతా నశిస్తుంది.

మనిషి తెచ్చిపెట్టిన పందెం ఇంతకంటె కఠినమైనది. అడవికీ కొలనుకూ నడుమ బాట వేస్తే, వాన రాత్రి ఆ బాట దాటే ప్రాణులు చక్రాల కింద నలుగుతాయి. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్హర్స్ట్ పట్టణంలో 1987లో వాటికోసం రోడ్డు కింద సొరంగాలు నిర్మించారు. అట్టి వసతి లేని చోట్ల స్వచ్ఛంద సేవకులు దీపాలు పట్టుకొని, వాటిని చేతులతో రోడ్డు దాటిస్తారు. ఇక గుంటనే పూడ్చివేస్తే చేయగలిగినది లేదు. నదులతో పైకి కనబడే నీటి సంబంధం ఎడతెగక ఉన్న చిత్తడి నేలలకే కేంద్ర జలచట్టపు రక్షణ వర్తిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పింది. అడవి నడుమ ఒంటరిగా ఉండే కొలనులకు అట్టి సంబంధం సాధారణంగా ఉండదు. కనుక వాటి భారం చాలవరకు రాష్ట్రాల చట్టాలపై పడింది.

ఇక్కడనే సామాన్యుని పరిశీలనకు విలువ ఏర్పడుతున్నది. మసాచుసెట్స్‌లో ఏ పౌరుడైనా కొలనులో కనిపించిన గుడ్ల ముద్దలను ఛాయాచిత్రం తీసి, స్థలం వివరాలతో ప్రభుత్వ శాఖకు పంపవచ్చు. ఆధారాలు సరిపోతే ఆ కొలను ధ్రువీకరణ పొందుతుంది. ధ్రువీకరణ వలన చట్టరీత్యా కొంత రక్షణ లభిస్తుంది. పరిశీలకుడు గుడ్లను నీటినుండి తీయరాదు. ప్రాణిని తాకవలసివస్తే చేతులు తడిగా ఉండాలి, వాటికి సబ్బుగాని దోమల మందుగాని అంటి ఉండరాదు. వాటి చర్మం నీటినీ గాలినీ పీల్చుకొన్నట్లే విషాన్నీ పీల్చుకొంటుంది.

ఆగస్టులో ఆ స్థలానికి వచ్చే గృహనిర్మాతకు కనబడేది ఆకులు పరచుకొన్న ఒక పల్లం మాత్రమే. అది కొలను అని చెప్పగలిగేది ఏప్రిల్‌లో అక్కడికి వెళ్ళి చూచినవారే.