పైపుకి చెవులొచ్చినయ్ సరే, వాల్వు మూసేదెవరు?

మా నకరికల్లు అడ్డరోడ్డు టీ బంకుల కాడ మిరప రేటు, సాగర్ కాలవ నీళ్లు తప్ప వేరే మాట తక్కువ. గ్యాసు పైపుల ఊసొస్తే మాత్రం నగరమే గుర్తొచ్చిద్ది.

2014 జూన్ 27, తెల్లారుజాము. కోనసీమలో మామిడికుదురు మండలం నగరం ఊళ్లో గెయిల్ పైపు పేలింది. తాటిపాక నుంచి కొండపల్లి కాడి ల్యాంకో కరెంటు ప్లాంటుకి గ్యాసు మోసే గొట్టం అది. 20 మందికి పైగా చచ్చిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడినయ్. టీ కొట్టు పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో చెప్పుకున్నారు. వాసనొస్తందని ముందునుంచీ మొత్తుకుంటున్నా పట్టించుకోలేదని ఊరోళ్లు గోలపెట్టారు.

ఇప్పుడు పైపు పక్కనే ఆప్టికల్ ఫైబర్ పూడుస్తున్నారు. మన ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే తీగ లాంటిదే. ఒక కొస నుంచి లేజర్ వెలుగు పంపితే, తీగ పొడుగునా కొంచెం కొంచెం వెనక్కి తిరిగొచ్చిద్ది. యాడన్నా జేసీబీ తవ్వినా, గునపం దిగినా ఆ అదురుకి తిరిగొచ్చే వెలుగు మారిద్ది. రావటానికి పట్టిన టైముని బట్టి ఎంత దూరంలోనో తెలిసిపోయిద్ది. ఒత్తిడి మీదున్న గ్యాసు బయటపడితే చుట్టూ మట్టి చల్లబడిద్ది, అదీ పట్టిద్ది. పదుల కిలోమీటర్ల తీగకి దారిలో కరెంటు అక్కర్లా. ఇండియన్ ఆయిల్ లాంటి కంపెనీలు పైపుకి బొక్కేసే ఆయిలు దొంగల కోసం దీన్ని వాడతన్నయ్.

ఇంకోటి, ప్రెషర్ చూసే సెన్సార్లు. పైపులో పోయే గ్యాసు తోపుకే చిన్న చక్రం తిప్పో, పైపు వణుకు నుంచో వాటికి కరెంటు పుట్టించే పరిశోధనలు నడుస్తున్నయ్. వచ్చేది చిటికెడే, అప్పుడప్పుడూ ఒక మెసేజి పంపటానికి చాలు. (సోలారు పలక పెడితే ఎవరో ఒకరు పీక్కుపోతారు, అది వేరే కథ.)

మరి నగరంలో ఈ తీగ ఉంటే ఆ జనం బతికేవాళ్లా? నా అనుమానం అక్కడే. ఆ పైపుని తుప్పు లోపల్నుంచి తినేసింది. పొడి గ్యాసుకని వేసిన గొట్టంలో నీళ్లు కలిసిన తడి గ్యాసు పంపారు. తుప్పు చప్పుడు చేయదు. ఫైబర్‌కి వినపడేది బొక్క పడ్డాకే, సన్నగా కారే లీకైతే అదీ అనుమానమే. ముందే తెలియాలంటే గ్యాసులో నీళ్లు తీయాలి, లోపల గోడ మందం కొలిచే పిగ్గులు నడపాలి. ఇక లీకు కనిపెట్టటమంటారా, ఊరోళ్ల మాట నిజమైతే నగరంలో ఆ పని మనుషుల ముక్కులే చేసినయ్. వాల్వు కాడ చేయే కదల్లా.

1962 చట్టం ప్రకారం పైపు పోయే పొలం రైతుదే, వాడుకునే హక్కు కంపెనీది. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఇన్నిటికీ చట్టంలో రాసిన పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం వేరే. ఆ రైతు గునపమేస్తే కంట్రోల్ రూములో గంట మోగిద్ది గదా, లీకైనప్పుడు అదే గంట ఆయన ఫోన్లో ఎందుకు మోగదు? పంచాయితీకి, ఫైర్ స్టేషన్‌కి అదే నిమిషంలో ఎందుకు పోదు? అలారం మోగిన ఎన్ని నిమిషాలకి వాల్వు మూశారో రాసిన రిజిస్టరు ఏడాదికోసారి గ్రామసభలో పెట్టమనాలి. కొత్త లైనుకి సంతకాలడిగే రోజే ఈ మాట కాయితం మీద రాయించుకోవాలి.