ఫీజు డబ్బు ఎవరి ఖాతాలో పడాలి?

ఉమ్మడి రాష్ట్రంలో రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ ఎత్తేయలేదు. పేర్లు మారాయి, షరతులు పెరిగాయి, బకాయిలూ పెరిగాయి. పథకం ఉండాలా వద్దా అని ఇప్పుడెవరూ అడగడం లేదు. ఆ డబ్బు ఎవరి చేతికివ్వాలన్నదే పేచీ.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి జగనన్న విద్యా దీవెన కింద ఫీజును కాలేజీకి కాకుండా విద్యార్థి తల్లి ఖాతాలో వేశారు. ఆమె వారం పది రోజుల్లో కాలేజీకి కట్టాలి. 2023లో దాన్ని తల్లికీ విద్యార్థికీ ఉమ్మడి ఖాతాగా మార్చారు. 2024లో ప్రభుత్వం మారాక డబ్బు మళ్ళీ కాలేజీ ఖాతాల దారి పట్టింది.

తల్లి ఖాతా వాదన కొట్టిపారేయదగ్గది కాదు. సర్కారు నుంచి నేరుగా కాలేజీకి పోయే డబ్బు ఎంతో చాలా ఇళ్ళలో తెలియదు. ల్యాబ్ తలుపు తెరవకపోయినా, లెక్చరర్ రాకపోయినా అడగడానికి నోరు రాదు. ఊరికే చదువుకుంటున్నామన్న బెరుకు. కౌంటర్ దగ్గర తన చేత్తో కట్టి రసీదు తీసుకున్న తల్లి అడుగుతుంది. కాలేజీలు కాస్తయినా ఒళ్ళు దగ్గర పెట్టుకునేది అప్పుడే.

కాలేజీల గోడూ అబద్ధం కాదు. విడత పడే వేళకు ఎరువుల కొట్టు బాకీయో ఆసుపత్రి బిల్లో ముందు నిలబడితే, ఫీజు వెనక్కి పోతుంది. తల్లులు డబ్బు వాడేసుకుంటారన్న మాట యాజమాన్యాల నోట వినడానికి ఏమంత బాగుండదు గానీ, కట్టని వాళ్ళూ ఉన్నారు. ఆ బాధతోనే కాలేజీలు హైకోర్టుకెక్కాయి.

అయితే ఈ రెండు వాదనలూ డబ్బు వేళకు పడుతుందనుకునే సాగుతాయి. అసలు ముడి అక్కడే ఉంది. విడత ఆగితే తల్లి ఖాతా పద్ధతిలో బాకీదారు తల్లి. కాలేజీ ఖాతా పద్ధతిలో బాకీదారు ప్రభుత్వం, అదీ కాగితం మీదే. కోర్సయ్యాక టీసీ, మెమోల కోసం వెళ్తే ఆఫీసులో చెప్పే మాట ఒక్కటే: "గవర్నమెంటు నుంచి ఇంకా రాలేదమ్మా. మీరు కట్టి తీసుకెళ్ళండి, పడ్డాక తిరిగిస్తాం." ఉద్యోగంలో చేరే తేదీ ముంచుకొస్తుంటే ఆ ఇల్లు నూటికి రెండు రూపాయల వడ్డీకి పరుగెత్తుతుంది. తెలంగాణలో ఇంజనీరింగ్‌కు పదివేల ర్యాంకు దాటిన బీసీ విద్యార్థుల్లో చాలామందికి ప్రభుత్వం ఇస్తూ వచ్చింది ఏటా 35,000 రూపాయలు. ఆ ఒక్క ఏడాది మొత్తానికే వడ్డీ నెలకు 700, సంవత్సరం తిరిగేసరికి 8,400. కాలేజీలకూ జీతాలు ఆగుతాయి. 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్‌కు దిగింది అందుకే.

వేళకు వేయగల ప్రభుత్వమైతే నా మొగ్గు తల్లి ఖాతా వైపే. వేయలేని ప్రభుత్వం తల్లి ఖాతా అనడమంటే తన బాకీని ఆమె నెత్తిన పెట్టడం. ఇప్పటి తీరు చూస్తే కాలేజీ ఖాతాయే నయం, సర్టిఫికెట్లు ఆపనంతవరకు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. దాన్ని గట్టిగా అమలు చేయించే నాథుడు కావాలి.

ఈలోగా కౌన్సెలింగ్‌కు వెళ్ళే ఇంటివాళ్ళు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రీయింబర్స్‌మెంట్ రాదు, కన్వీనర్ కోటాలోనే తీసుకోవాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే చేయించుకోవాలి. ప్రభుత్వమిచ్చే మొత్తానికీ కాలేజీ అసలు ఫీజుకీ మధ్య తేడా ఎంతో సీటు ఖాయం చేసుకోకముందే లెక్క తేల్చుకోవాలి. ఆ తేడాకు వడ్డీ వ్యాపారి కంటే బ్యాంకు మేలు: నాలుగు లక్షల వరకు విద్యారుణానికి ఆస్తి తనఖా అడగకూడదు, కోర్సయ్యాక మరో ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. మేనేజరు కాదంటే కాదన్న సంగతి రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.