చేతికి అనువైన గేరు మీట

దూరయాత్రకు సైకిలును ఎంచుకొనేవారు చట్రం దృఢత్వాన్ని, టైర్ల నాణ్యతను, గేర్ల సంఖ్యను శ్రద్ధగా విచారిస్తారు. ఆ గేర్లను మార్చే మీట చేతికి సుఖంగా అందుతున్నదా అని విచారించేవారు అరుదు. పగలంతా పదేపదే తాకవలసిన ఈ చిన్న పరికరమే యాత్రలోని సుఖదుఃఖాలను చాలవరకు నిర్ణయిస్తుంది.

శరీర సౌఖ్యాన్ని కోరడం బలహీనత అనే అపోహ సైకిలు చరిత్రలో పాతదే. ఫ్రాన్సు దేశంలోని సెంట్ ఎటియెన్ నగరానికి చెందిన పాల్ ద వివీ ‘వెలోసియో’ అనే కలం పేరుతో 20వ శతాబ్ది ఆరంభంలోనే గేర్ల ఉపయోగాన్ని ప్రచారం చేశాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెపు నిర్వాహకుడు ఆంరీ దెగ్రాంజ్ మాత్రం అవి వయసు మళ్ళినవారికే తగినవని భావించాడు. గొలుసును ఒక పళ్ళ చక్రం నుండి మరొకదానికి మార్చే గేర్లకు ఆ పందెంలో 1937లో గాని అనుమతి లభించలేదు. చివరకు వెలోసియో వాదమే నిలిచింది.

పూర్వం గేరు మీటలు ఎక్కువగా చట్రపు వాలు గొట్టంపై ఉండేవి. వాటిని కదపడానికి ఒక చేతిని హ్యాండిల్ నుండి తీయవలసి వచ్చేది. బరువైన సామానుతో కొండ ఎక్కేవారికి అది ప్రమాదకరం. 1984లో షిమానో సంస్థ ఒక్కొక్క గేరు వద్ద ‘టక్కు’మని ఆగే మీటను వ్యాప్తిలోకి తెచ్చింది. 1990లో బ్రేకు పిడిలోనే గేరు మీటను అమర్చింది.

అయినా కొత్తదంతా యాత్రికునికి మేలైనదని చెప్పలేము. బ్రేకుతో కలిసిన మీట లోపలి నిర్మాణం సూక్ష్మమైనది. చెడిపోతే దారిలో బాగుచేయడం కష్టం. వంపు హ్యాండిల్ కొసలలో బిగించే మీట సరళమైనది. దానిలో కొన్ని రకాలను ‘టక్కు’ లేకుండా, కేవలం రాపిడితో నిలిచేటట్లు మార్చుకోవచ్చు. సైకిలు పడి గేరు భాగం కొంత వంగినా, తీగ సర్దుబాటు తప్పినా, చేతి అంచనాతో గొలుసును తగిన చక్రంపైకి చేర్చి సమీప పట్టణానికి వెళ్ళవచ్చు. పందెంలో క్షణం విలువైనది. యాత్రలో గమ్యం చేరడం విలువైనది.

గంటల తరబడి హ్యాండిల్‌పై భారం మోపితే అరచేతిలోని నరం నొక్కుకొని చిటికెన, ఉంగరపు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు వేలితో గట్టిగా నొక్కవలసిన మీట శిక్షగా మారుతుంది. కొసమీటను అరచేతి అంచుతోనైనా తోయవచ్చు. దానికోసం చేతిని కొసకు జరపవలసి వస్తుందన్న ఆక్షేపణ నిజమే. అయితే చేయి తరచుగా చోటు మారడం వల్ల తిమ్మిరి కూడా తగ్గుతుంది. తిన్నని హ్యాండిల్ వాడేవారికి బొటనవేలి మీట అనుకూలం.

అందరి చేతులూ ఒకే కొలతలో ఉండవు. కనుక కొనేముందు సామాను కట్టి, ఎత్తుదారిలో కొంతదూరం తొక్కి చూడాలి. నొప్పికి తాళలేక యాత్ర మానుకొన్నవారు తమ శరీరాన్ని నిందించుకొంటారు. దోషం తరచుగా పరికరం ఎంపికలో ఉంటుంది. పరికరం మనిషికి అనుగుణంగా ఉండాలి గాని, మనిషి పరికరానికి లొంగిపోరాదు.