తీరిక దొరికాక రాద్దామా?

"రిటైరయ్యాక ఒక నవల రాయాలండీ!" బ్యాంకుల్లో, స్కూలు స్టాఫ్‌రూముల్లో, పెళ్లి బంతుల్లో తరచూ వినే మాట ఇది. కథ ఎప్పటినుంచో మనసులో ఉంటుంది. మొదటి వాక్యం కూడా సిద్ధమే. తీరికే లేదంటారు. రిటైర్మెంట్ రానే వస్తుంది. దాంతోపాటు మోకాళ్ల నొప్పులు, మనవల స్కూలు బస్సు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కూడా వస్తాయి. నవల మాత్రం రాదు.

తీరికే నవల రాయిస్తుందనుకుంటే, జుసెప్పె తొమాసి ది లాంపెదూసా డజను నవలలు రాసి ఉండాలి. సిసిలీలో జమీందారీ వంశపు రాజకుమారుడాయన. ఉద్యోగం లేదు, చేతినిండా పుస్తకాలున్నాయి. అయినా యాభై ఏడేళ్లు దాటేదాకా నవల జోలికే పోలేదు. 1954లో ఆయన దగ్గరి బంధువు, కవి లూచో పిక్కోలోకు ఒక సాహిత్య సభలో గొప్ప మన్నన దక్కింది. వెంట వెళ్లి అదంతా కళ్లారా చూసిన లాంపెదూసాకు 'నేనేం తక్కువ?' అన్న పంతం పుట్టింది. ఆ ఏడాది చివర్లోనే కలం పట్టారు. రాసిన 'ది లెపర్డ్'ను ప్రచురణకర్తలు తిప్పి పంపారు. 1957లో ఆయన పోయారు. 1958లో అచ్చయిన ఆ నవలకు మరుసటి ఏడాది ఇటలీలో పేరున్న స్ట్రెగా బహుమతి వచ్చింది. జీవితమంతా చదివిన చదువు, చూసిన లోకం అందులో ఉన్నాయి. ఆలస్యం వృథా పోలేదు. కానీ వాటిని కాగితం మీదికి దింపింది మాత్రం పంతమే.

మన దగ్గరా అంతే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీకి గడువు ముంచుకొస్తుంటే విశ్వనాథ సత్యనారాయణ చెబుతూ పోయారు, తమ్ముడు రాసుకుంటూ పోయారు. అంత పెద్ద 'వేయిపడగలు' 29 రోజుల్లో పూర్తయింది. తర్వాతి తరంచేత వారపత్రికలు రాయించాయి. సీరియల్ మొదలైందంటే ఇంట్లో జ్వరమొచ్చినా, పెళ్లి జరుగుతున్నా తరువాయి భాగం ప్రెస్సుకు చేరాల్సిందే. రచయిత బద్ధకానికి అంతకు మించిన మందు లేదు.

ఆ వారపత్రికల్లో చాలావాటికి ఇప్పుడు తలుపులు మూతపడ్డాయి. నవల పోటీలు అడపాదడపా వస్తున్నా, వారం వారం "ఏమైందండీ?" అని అడిగే ఎడిటర్ లేడు. రాయాలన్న ఆశ ఉన్నవాళ్లకు ఇవాళ కరువైంది తీరిక కాదు, అలా నిలదీసే మనిషి.

ఆ పని ఇంట్లోవాళ్లు చేయొచ్చు. నాన్న నవల రాస్తానంటే నవ్వి ఊరుకోకండి. ఖరీదైన పెన్నూ కొనివ్వకండి. ఆదివారానికి నాలుగు పేజీలు కావాలని అడగండి. ఇచ్చినవి చదవండి. బాగోకపోతే బాగోలేదని చెప్పి, పై ఆదివారానికి మళ్లీ నాలుగు అడగండి.