నరం నలుగుతుంటే ఆలస్యం వద్దు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో బీడీలు చుట్టి ఇల్లు నడిపే తల్లులు ఎందరో. రాత్రి నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కితే లేచి విదిలించుకోవడం వారిలో చాలామందికి అలవాటైన బాధ. రక్తం తక్కువైందనుకుని బలం మాత్రలతో సరిపెట్టుకుంటారు. షుగర్, థైరాయిడ్ ఉన్నవారికీ, గర్భిణులకూ ఈ ఇబ్బంది రావచ్చు.

మణికట్టులో ఎముకలకూ, వాటిపై అడ్డంగా ఉండే గట్టి పట్టీకీ మధ్య ఒక ఇరుకు దారి ఉంది. అందులోంచి వెళ్లే మీడియన్ నరం నలిగితే వచ్చేదే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారతాయి.

తొలి దశలో రాత్రిపూట మణికట్టుకు స్ప్లింట్ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. జబ్బు ముదిరితే తిమ్మిరి రోజంతా ఉంటుంది. చేతిలోని గ్లాసు జారిపోతుంది. బొటనవేలి కింది కండ కరుగుతుంది. అప్పుడు ఆపరేషన్ అవసరం. చెయ్యి వరకే మత్తిచ్చి, ఆ పట్టీని కోసి నరానికి చోటు కల్పిస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు.

ఇప్పుడు పీఆర్‌పీ మాట వినిపిస్తోంది. రోగి రక్తాన్నే యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మాను వేరుచేసి నరం దగ్గర ఇస్తారు. ఆపరేషన్‌తో పాటు ఇస్తే నరం త్వరగా కోలుకుంటుందన్నది ఆశ. దీన్ని నమ్మకంగా చెప్పడానికి పెద్ద అధ్యయనాలు కావాలి. ఆపరేషన్ లేకుండా ఇచ్చే పీఆర్‌పీతో దీర్ఘకాలిక మేలు లేదని అమెరికా ఎముకల వైద్య నిపుణుల అకాడమీ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

నిజాంసాగర్ కాలువకు బండ అడ్డం పడితే ముందు బండ తీస్తాం. ఎరువు ఎంత చల్లినా బండ తీయనిదే పొలానికి నీరందదు. ముదిరిన దశలో ఆపరేషన్ బండ తీయడం లాంటిది. పీఆర్‌పీ మహా అయితే ఎరువు. 'ఆపరేషన్ వద్దు, ఇంజెక్షన్ చాలు' అని ఎవరైనా అంటే డబ్బు కట్టకముందే మరో డాక్టరును అడగండి. దెబ్బతిన్న నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. పూర్తిగా కరిగిన కండ తిరిగి రాకపోవచ్చు.

ఊళ్లలో పెట్టే ఆరోగ్య శిబిరాల్లో బీపీ, షుగర్ చూస్తున్నాం. 'రాత్రి చెయ్యి తిమ్మిరెక్కుతోందా?' అని కూడా అడగాలి. ఇంట్లో అమ్మను మీరూ అడగండి. అవునంటే నరాల పరీక్ష చేయించండి. ఆ చేతుల మీదే ఇల్లు నడుస్తోంది.