పురుగు లేని రోజుల్లో పురుగును వెతికినాయన

2020 మే నెలాఖరు గుర్తుందా? అసలే లాక్‌డౌన్. ఆపైన మిడతల దండు మహారాష్ట్రలో దిగింది, అమరావతి, నాగపూర్ దిక్కున చెట్లు బోడి చేస్తున్నది అని అందరి ఫోన్లలో వీడియోలు. మన బీదర్ జిల్లాకు కూడా జాగ్రత్త చెప్పారు. మా పక్కింటి పెద్దమ్మ పళ్ళెం, గరిటె తీసి గడప దగ్గర పెట్టుకున్నది. మార్చిలో కరోనాకు కొట్టిన పళ్ళెమే! చివరికి దండు మన దాకా రాలేదు.

పురుగు ఇంకా నాగపూర్ దగ్గర ఉండగానే మనకు కబురెట్లా వచ్చింది? అది ఎక్కడ పుడుతుందో, ఏ కాలంలో ఎటు పోతుందో తెలిసినవాళ్ళు ఉండబట్టి. ఆ తెలివికి మన దేశంలో పునాది వేసిన మనిషి వై. రామచంద్రరావు గారు. మద్రాసు రాష్ట్రం కలిసి ఉన్న రోజుల్లో కోయంబత్తూరు వ్యవసాయ శాఖలో పురుగుల శాస్త్రవేత్త.

ఆయన మొదటి పెద్ద పని మిడతల మీద కాదు, లాంటానా కంప మీద. మన దగ్గర కొందరు తలంబ్రాల చెట్టు అంటారు చూడండి, రంగురంగుల పూలు, ఒళ్ళంతా గరుకు. పరదేశం నుంచి అందానికి తెచ్చిన మొక్క, పొలాలూ అడవులూ కమ్ముకున్నది. దీన్ని తినే పురుగు మన దేశంలోనే ఏదైనా ఉందా అని ఆయన ఇండియా, బర్మా అంతా వెతికించారు. 148 రకాల పురుగులు లెక్కకు వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ పట్టి, పెంచి, పేరు తేల్చి చూస్తే, కంపను అణచగలిగేది ఒక్కటీ లేదు. 1920లో ఆ సంగతే అచ్చువేశారు. ఏళ్ళ తరబడి కష్టపడి "లేదు" అని రాయడానికి గుండె కావాలి. మనలో ఎంతమంది రాస్తాం?

ఇక మిడతల సంగతి. 1926 నుంచి 1931 దాకా దండు మీద దండు వచ్చి, ప్రభుత్వ లెక్క ప్రకారం సుమారు 10 కోట్ల రూపాయల పంట నాశనమైంది. ఆనాటి పది కోట్లు! చదరపు కిలోమీటరు దండు ఒక్కరోజులో 35 వేలమంది తినేంత పచ్చదనం మేసేస్తుంది. మరి దండు పోయాక ఆ పురుగు ఎక్కడ దాక్కుంటుంది? అదే ఎవరికీ తెలియదు.

దీనికి తాళంచెవి పేరులోనే దొరికింది. ఒంటరిగా తిరిగే మిడత వేరే జాతి, దండు కట్టేది వేరే జాతి అని అప్పటిదాకా పుస్తకాల్లో రెండు పేర్లుండేవి. 1921లో లండన్‌లో పనిచేస్తున్న రష్యా శాస్త్రవేత్త బోరిస్ ఉవరోవ్, వలస మిడతల్లో ఆ రెండూ ఒకటేనని చూపించాడు. ఎడారి మిడతదీ అదే కథ. విడిగా పెరిగితే పిల్ల పచ్చగా, పిరికిగా ఉంటుంది. గుంపులో ఒకదానికొకటి ఒరుసుకుంటూ పెరిగితే పసుపు, నలుపు రంగు తిరిగి, కలిసి కదులుతుంది. అంటే దండు ఆకాశం నుంచి ఊడిపడదు, మనం పట్టించుకోని ఆ ఒంటి మిడతే దండవుతుంది.

అందుకని 1930 తర్వాత రామచంద్రరావు గారు కరాచీ కేంద్రంగా ఆ ఒంటి మిడతను వెతకడం మొదలుపెట్టారు. బెలూచిస్తాన్‌లో పస్నీ తీరం, సింధు, రాజపుతానా ఎడారులు. దండు లేని కాలంలో ఇసుకలో నడవడం, ఎన్ని లేచాయో రాసుకోవడం, వానెప్పుడు పడిందో రాసుకోవడం. అదీ ఒక పనేనా అని అడిగినవాళ్ళూ ఉండే ఉంటారు. మిల్లులో ఆయిల్ పోసే మనిషి పని మిషన్ ఆగినప్పుడే కదా అందరికీ కనబడేది.

ఆ లెక్కల్లోంచే దారి తేలింది. మిడత గుడ్డు పెట్టేది తడి ఇసుకలో, నాలుగైదు అంగుళాల లోతున. చలికాలం, వసంతం వానలు పడమట బెలూచిస్తాన్, ఇరాన్ వైపు పడతాయి, వానాకాలం మన థార్ ఎడారిలో. మిడత ఈ రెండు వానల మధ్య మారుతూ బతుకుతుంది. ఒంటి మిడతలు రాత్రిపూట ఎగురుతాయి కాబట్టి ఆ రాకపోకలు అన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు.

1939లో మిడతల హెచ్చరిక సంస్థ ఏర్పడింది. ఆయన చూసినదంతా 1960లో "ది డెజర్ట్ లోకస్ట్ ఇన్ ఇండియా" అనే లావుపాటి పుస్తకంగా వచ్చింది.

ఆ సంస్థ జోధ్‌పూర్ ఆఫీసు వాళ్ళు ఇప్పటికీ ఎడారిలో తిరిగి చూస్తారు, పదిహేను రోజులకోసారి సమాచారం వేస్తారు. చాలాసార్లు అందులో ఉండేది ఒక్కటే ముక్క: మిడతలు కనబడలేదు.