కథ చదివిన్రా అక్కా?

పోయిన దసరా సంచికలో బొమ్మలన్నీ నేనే చేశాను. "గీశాను" అనట్లేదు, గమనించండి. పదకొండు రచనలకి పదకొండు బొమ్మలు, ఒక్క రాత్రిలో. రచన పేరుని ఇంగ్లీషులోకి మార్చడం, వెనకాల "ఇండియన్ విలేజ్, వార్మ్ లైట్, వాటర్ కలర్ స్టైల్" అని తగిలించడం, నాలుగు బొమ్మలొస్తే ఒకటి ఏరుకోవడం. పొద్దున గ్రూపులో పెడితే అందరూ గుండె గుర్తులు కొట్టారు. నేనూ గొప్పగా ఫీలయ్యాను, అబద్ధమెందుకు.

అందులో ఒక కథ ఫస్టియర్ తమ్ముడు ఒకడు రాసింది. సీతాఫలాలు అమ్మే తల్లి కథ. నేను చేసిన బొమ్మలో ఆమెకి ఎర్ర పట్టుచీర, మెడ నిండా నగలు, తలలో పూలు, మనల్నే చూస్తూ పెద్ద నవ్వు. గంపలో పండ్లు సీతాఫలాల్లా లేవు, పైనాపిల్ పిల్లల్లా ఉన్నాయి. వెనక దుకాణం బోర్డు మీద అక్షరాలు తెలుగువి కావు, కన్నడవీ కావు, ఏ భాషవీ కావు. ఇవన్నీ ఇప్పుడు చెప్తున్నా. అప్పుడు నాకేం కనపడలేదు.

సంచిక వచ్చిన రెండ్రోజులకి క్యాంటీన్ దగ్గర ఆ తమ్ముడు కలిశాడు. "బొమ్మ మంచిగుంది అక్కా" అన్నాడు. కాసేపు నిలబడి, "కథ చదివిన్రా అక్కా?" అని అడిగాడు.

చదవలేదు. టైటిల్ చదివాను అంతే. ఆ రాత్రి కూర్చుని చదివాను. కథలో ఆ తల్లి ఇబ్రహీంపట్నం చౌరస్తాలో, సాగర్ రోడ్డు పక్కన గంప పెట్టుకుని కూర్చుంటుంది. కొడుకు అదే రోడ్డు మీద కాలేజీ బస్సులో వెళ్తాడు. బస్సు మలుపు తిరిగే టైముకి ఆమె రోజూ మొహం అటు తిప్పుకుంటుంది. కొడుకు ఫ్రెండ్స్ ఎవరైనా గుర్తుపడితే వాడికి నామోషీ అవుతుందని. కొడుక్కి ఆ సంగతి తెలుసు. తెలిసినట్టు ఆమెకి చెప్పడు. రోజూ కిటికీలోంచి అమ్మ వీపు చూసి పోతాడు. కథ అంతే. నా బొమ్మలో ఆమె మనవైపు తిరిగి పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది.

వాడు దాన్ని చూసి "మంచిగుంది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు మన క్లబ్ గ్రూపులో పోల్ నడుస్తోంది కదా, వచ్చే సంచికకి బొమ్మలు ఏఐతో చేద్దామా, చేత్తో గీద్దామా అని. ఇది రాసే టైముకి ఏఐకి ఓట్లు ఎక్కువ. నా ఓటు మాత్రం చేత్తో గీయడానికే. ఎందుకో చెప్పడానికే ఇదంతా. ఏఐ మీద నాకు కోపం లేదు. నేను సీఎస్ఈ, నా సెకండియర్ ప్రాజెక్టే ఇమేజ్ క్లాసిఫికేషన్. మెషీన్ తప్పు చేసిందని అనట్లేదు. నేను కథ చదవలేదు, తప్పు అక్కడుంది. కాకపోతే చదవకపోయినా పని అయిపోయేలా చేసింది ఆ మెషీనే.

ఆ సిగ్గుతోనే సెమ్ సెలవుల్లో ఒక ఫ్రీ ఆన్‌లైన్ కోర్సులో చేరాను. ఇలస్ట్రేషన్, అంటే కథకి బొమ్మ వేయడం ఎలాగో నేర్పేది. బొమ్మలేయడంలో నా చరిత్ర చెప్పాలంటే, ఫస్టియర్ ఇంజినీరింగ్ గ్రాఫిక్స్. హెచ్‌పీకి ఇంత పైన, వీపీకి ఇంత ముందు అని గీతలు గీసి, ఆ షీట్లు సబ్మిట్ చేసి మర్చిపోవడమే. అందులో ఎవరి మొహమూ ఉండదు కాబట్టి బతికిపోయాను.

కోర్సులో మొదటి ఎక్సర్‌సైజ్ బ్లైండ్ కాంటూర్. కాగితం వైపు చూడకూడదు. కన్ను వస్తువు అంచు మీద చీమలా పాకాలి, దానితోపాటే పెన్సిల్ కదలాలి. దీన్ని పాపులర్ చేసింది కిమన్ నికొలాయిడిస్ అనే అమెరికన్ డ్రాయింగ్ మాస్టారు. ఆయన పోయాక 1941లో వచ్చిన పుస్తకంలో ఉంది. అప్పుడు నేను యాచారం దగ్గర మా ఊళ్లో ఉన్నాను. ఎదురుగా బాపమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆమెనే గీశాను.

"ఏం రాస్తున్నవే?"

"రాస్తలేను బాపమ్మా, నిన్నే గీస్తున్న. కదలకు."

అయిపోయాక చూపిస్తే కాసేపు చూసి, "నా ముక్కు చెవు కాడికి ఎట్ల పోయిందే?" అంది. నిజమే, పోయింది. బొమ్మ ఘోరంగా ఉంది. కానీ ఆమె ముంజేతి మీద ఉన్న పచ్చబొట్టుని ఆరోజే మొదటిసారి సరిగ్గా చూశాను. పందొమ్మిదేళ్లుగా ఆ చెయ్యి నాకు అన్నం పెడుతోంది. అదేదో మచ్చ అనుకునేదాన్ని. అడిగితే, చిన్నప్పుడు జాతరలో పొడిపించుకున్నానని, అది వాళ్లన్న పేరని చెప్పింది. బాపమ్మకి చదువు రాదు. తను చదవలేని పేరుని అరవై ఏళ్లకి పైగా చేతి మీద మోస్తోంది. ఇది నాకు ఏ ప్రాంప్టూ చెప్పేది కాదు, ఎందుకంటే అడగాలని నాకే తెలీదు.

తర్వాత తలకిందుల ఎక్సర్‌సైజ్. బెటీ ఎడ్వర్డ్స్ 1979లో రాసిన పుస్తకంలోది. స్ట్రావిన్‌స్కీ అనే సంగీతకారుడిని పికాసో 1920లో గీసిన బొమ్మని తలకిందులు చేసి చూసి గీయాలి. తలకిందులుగా ఉంటే "ఇది చెయ్యి, ఇది కళ్లజోడు" అని మెదడుకి పేర్లు పెట్టే చాన్స్ ఉండదు, ఉన్న గీతనే చూస్తుంది. బాగానే వచ్చింది, నేనే నమ్మలేదు. ప్లాస్టిక్ కుర్చీని గీయకుండా దాని కన్నాలని గీయమన్న ఎక్సర్‌సైజ్ కూడా ఒకటి ఉంది. దాని గురించి ఎక్కువ చెప్పను, ఒక వారం తినేసింది.

అసలు విషయం నాలుగో వారంలో వచ్చింది. ఒక కథ తీసుకుని, ఒకే సన్నివేశానికి అగ్గిపెట్టె సైజులో ఇరవై చిన్న బొమ్మలు గీయాలి. ఏ కథో మీకు తెలిసే ఉంటుంది. గీయడానికి ముందు మూడుసార్లు చదవాలని రూల్. ఇక్కడ ఇంకో నిజం ఒప్పుకోవాలి. నాది మొత్తం ఇంగ్లీష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను, మనలో సగం మంది లాగే. తెలుగు పదోతరగతితో ఆగిపోయింది. మాట్లాడతాను, నవ్వుతాను, తిడతాను తెలుగులోనే, కానీ చదవాలంటే ఒత్తుల దగ్గర ఇప్పటికీ బండి ఆగుతుంది. ఒక తెలుగు కథని మూడుసార్లు చదవడం నా జీవితంలో అదే మొదటిసారి. తెలుగు సాహితీ క్లబ్ మెంబర్ని అయ్యుండి.

ఇరవై గీశాను. మొదటి ఆరు చూసుకుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆరింటిలోనూ ఆమె మనవైపే చూస్తోంది, రెండింటిలో నవ్వుతోంది కూడా. అంటే నా బుర్రలోంచి ముందుగా ఊడిపడేదీ ఏఐ ఇచ్చిన బొమ్మే. అందరూ ఎక్కడో చూసిన బొమ్మల సగటు. తేడా ఏంటంటే, అక్కడ నాలుగో బొమ్మకే ఆగిపోయాను, ఇక్కడ ఇరవై గీయక తప్పలేదు. ఎనిమిదో దాంట్లో ఆమె పక్కకి తిరిగింది. పదకొండులో వీపు. పద్నాలుగో బొమ్మలో నేను రోడ్డు మీంచి లేచి బస్సెక్కాను. కిటికీ ఊచలు, అవతల చిన్నగా ఒక వీపు, పక్కన గంప. చూసేవాళ్లు కొడుకు సీట్లో కూర్చున్నట్టు. అప్పుడు కదా నాకు కథ అర్థమైంది. చదివినప్పుడు కాదు, పద్నాలుగోసారి గీసినప్పుడు.

దీన్ని మన భాషలో చెప్తాను. ప్రాంప్ట్‌లో మీరు చెప్పని ప్రతిదాన్నీ మెషీన్ తనకి తోచిన డిఫాల్ట్ వాల్యూతో నింపేస్తుంది. నగలు చెప్పలేదా, నగలు పెట్టేస్తుంది. ఎటు చూస్తోందో చెప్పలేదా, మనవైపు తిప్పేస్తుంది. సీ లాంగ్వేజ్‌లో వేరియబుల్‌ని ఇనిషియలైజ్ చేయకుండా వాడినట్టు, ప్రోగ్రామ్ రన్ అవుతుంది, అవుట్‌పుట్ కూడా వస్తుంది, లోపల చెత్త. చేత్తో గీస్తుంటే మాత్రం తెలియని చోటల్లా పెన్సిల్ ఆగిపోతుంది. ఏ చేత్తో పట్టుకుంది? కింద కూర్చుందా, పీట మీదా? చెప్పులు ఎక్కడ విడిచింది? ప్రతిదీ కంపైల్ ఎర్రరే. వెనక్కి కథలోకి వెళ్లి వెతుక్కోవాలి, అక్కడ లేకపోతే వెళ్లి చూడాలి.

నేను వెళ్లాను కూడా. అప్పటికి సీతాఫలాల సీజన్ అయిపోయింది, చౌరస్తాలో జామకాయల వాళ్లే ఉన్నారు. స్టాప్ దగ్గర కూర్చుని గంటన్నర గీశాను. ఒకామె "సర్వే ఏమన్ననా బిడ్డా?" అని అడిగింది. కాదని చెప్తే నమ్మలేదు, అయినా ఒక జామకాయ ఇచ్చింది.

పోల్ కింద కామెంట్లలో కొన్ని మంచి పాయింట్లే ఉన్నాయి. "ప్రాంప్ట్ సరిగ్గా రాస్తే వీపు కూడా ఇస్తుంది కదా" అన్నారొకరు. ఇస్తుంది. వీపు అని రాయాలంటే కథ చదవాలి కదా. చదివి, ఆలోచించి, ఇరవై రకాలుగా ఊహించుకుని ప్రాంప్ట్ రాసేవాళ్లుంటే నాకు పేచీ లేదు. కానీ మనం అలా వాడట్లేదు, రాత్రి పదకొండింటికి డెడ్‌లైన్ ముందు వాడుతున్నాం. "మనలో ఎవరికీ బొమ్మలు రావు" అని ఇంకొకరు. బాపు గారు 1955లో మద్రాసు యూనివర్సిటీలో లా పట్టా పుచ్చుకున్న మనిషి, ఆర్ట్ స్కూల్ ఆయన కాదు. అలాగని మనమందరం బాపులం అవుతామని కాదు, అంత సీన్ లేదు. ఆయన బొమ్మలు ఇప్పుడు పెన్సిల్ పట్టుకుని చూస్తే తెలిసిందేంటంటే, ఆయన ఎన్ని గీతలు మానేశాడో. నాలుగు గీతల్లో ఒక మనిషి నిలబడాలంటే మిగతా నలభై అక్కర్లేదని తెలిసుండాలి.

చందమామ తీసుకోండి. 1947 జులైలో మొదలైంది. మా నాన్న దాచిన పాత సంచికలు కొన్ని ఇంట్లో ఉన్నాయి. అందులో శంకర్ గారి విక్రమార్కుడు అందరికీ గుర్తే: చేతిలో కత్తి, భుజాన శవం. ఆ శంకర్ తమిళుడు, 2020లో పోయారు. ఆ బొమ్మని ఈసారి స్టూడెంట్‌లా చూశాను. బేతాళుడు ఇంకా నోరు విప్పలేదు, రాజు మౌనంగా నడుస్తున్నాడు. కథ మొదలవడానికి ఒక్క క్షణం ముందు. కత్తి యుద్ధమో, బేతాళుడు ఎగిరిపోవడమో గీస్తే ఇంకా జోరుగా ఉండేదేమో, కానీ ఆ నడకే కదా మనకి గుర్తుండిపోయింది. కథ తెలిసినవాడే ఎంచుకోగల క్షణం అది.

మన తెలంగాణలో అయితే ఇది ఇంకా పాతది. చేర్యాల నకాషీ వాళ్లు బట్ట మీద వరసగా గళ్లు గళ్లుగా కథ మొత్తం గీసేవాళ్లు, ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద. దాన్ని వేలాడదీసి, ఒక్కో గడీ చూపిస్తూ కథకులు ఊరూరా కథ చెప్పేవాళ్లు, పద్మశాలీలకి మార్కండేయ పురాణం అలాగ. ఒక్క గడీ తప్పు గీస్తే ఊరందరి ముందు కథకుడి పరువు పోతుంది. అక్కడ బొమ్మ పేజీ నింపడానికి లేదు.

టైమ్ గురించి అడిగినవాళ్లకి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. మిడ్స్ ఉన్నాయి, ల్యాబ్ రికార్డులు ఉన్నాయి, బస్సులోనే రోజుకి రెండు గంటలు పోతాయి. నేను చెప్పగలిగిందల్లా, పదకొండు రచనలకీ బొమ్మలు ఉండక్కర్లేదు. మూడింటికే వేద్దాం. అవి వంకరగా వచ్చినా పర్లేదు, ముక్కు చెవి దగ్గరికి పోయినా పర్లేదు. బొమ్మ వేసేవాళ్లు రాసినవాళ్లతో ఒక్కసారి కూర్చుని మాట్లాడాలి, నా కండిషన్ అదొక్కటే. ఖాళీ పేజీ ఉంటే ఉండనివ్వండి. పోల్ శనివారం వరకు ఉంది.

పద్నాలుగో నంబర్ బొమ్మని పెద్ద కాగితం మీద వేసి, మొన్న ఆ తమ్ముడికి చూపించాను. క్యాంటీన్ వెనక మెట్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఈసారి మంచిగుంది అనలేదు.

"కొంగు గట్ల ఇడ్సిపెట్టదక్కా. నడుముకు దోపుకుంటది" అన్నాడు. కాసేపాగి, "గంప ఎడమ దిక్కు ఉంటది" అన్నాడు.

ఎందుకని అడిగితే కుడిభుజం నొప్పని చెప్పాడు. అది కథలో లేదు. రబ్బరు తీసి కొంగు చెరిపాను. గంప జరపాలంటే కిటికీ ఊచ కూడా జరపాలి, అందుకని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.